గట్టిపడని కొంగు

2017, వానాకాలం చివర. నంద్యాలలో ఒక పిల్లల ఆసుపత్రి. దాని పేరు చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయే తప్పు ఆసుపత్రిది కాదు, నాది. అప్పటికి నేనక్కడ స్టాఫ్ నర్సుగా చేరి పదకొండేళ్ళు. కింద ఓపీ, పైన ఇరవై పడకల వార్డు, వార్డు చివర కిటికీ పక్కన నా టేబులు. కేసు షీట్లన్నీ ఆ టేబులు మీద అంచులు కలిసేలా పేర్చి ఉండేవి. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని డాక్టర్లు మెచ్చుకునేవాళ్ళు. జ్వరమెంత, నాడి ఎంత, ఏ పూట ఏ ఇంజక్షను, ఎన్ని వాంతులు, అన్నీ అందులో దొరికేవి. ఆ చార్టులంటే నాకు గర్వంగా ఉండేది.

నాకు నోటి దురుసు కూడా ఎక్కువే. ఇరవై మంది పిల్లలు, వాళ్ళ వెంట నలభై మంది పెద్దవాళ్ళు ఉండే చోట ఆ దురుసు లేకపోతే పని సాగదని నా నమ్మకం. ఒకరికి నిలబడి జవాబు చెబితే పదిమంది మూగుతారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ అంటుండేది. ఆ సామెత ఊరికైతే సరే గానీ వార్డుకు పనికిరాదని నేను నవ్వేసేదాన్ని.

ఆ ఏడు సెప్టెంబరులో ఒక పొద్దున ఆళ్ళగడ్డ నుంచి ఏడేళ్ళ పాపను తీసుకొచ్చారు. పేరు సలోమి. రెండు రోజులుగా జ్వరం, ఆగకుండా వాంతులు, వెలుతురు చూడలేక కళ్ళు గట్టిగా మూసుకుంటోంది. తల కింద చేయి పెట్టి ఎత్తబోతే మెడ వంగకుండా వీపు మొత్తం లేచింది. మెడ అలా బిగుసుకుపోతే మా మనసులోకి వచ్చే మొదటి మాట మెనింజైటిస్, అంటే మెదడు చుట్టూ ఉండే పొరలకు క్రిములు పట్టి వాచడం. తల్లి రాహేలు ఆళ్ళగడ్డలో ఒక ఆడపిల్లల హాస్టల్లో బట్టలు ఉతుకుతుంది. తండ్రి దమ్ము చేసే ట్రాక్టరు తోలడానికి వెలుగోడు వైపు పోయి ఉన్నాడు. వెంట వచ్చింది తండ్రి తల్లి, పాపకు జేజి.

మెదడునూ వెన్నుపామునూ చుట్టి ఒక నీరు ఉంటుంది. సీఎస్ఎఫ్ అంటాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో అది మంచినీళ్ళంత తేటగా ఉంటుంది. నడుము దగ్గర రెండు ఎముకల మధ్య సన్నని సూది పెట్టి ఆ నీరు కొన్ని చుక్కలు తీసి చూడటాన్ని లంబార్ పంక్చర్ అంటాం. ఆ సూది వేస్తే కాళ్ళు పడిపోతాయని మా వైపు చాలామందికి భయం. జేజి కూడా వద్దని పట్టుబట్టింది. రాహేలు మాత్రం నా ముఖం చూసి, "నీ బిడ్డయితే వేయిస్తావా సిస్టరమ్మా?" అని అడిగింది. వేయిస్తానన్నాను. వెంటనే కాగితం మీద వేలిముద్ర కాదు, పొడి పొడి అక్షరాలతో సంతకమే పెట్టింది. పాపను వంచి పట్టుకున్నది నేనే, సీసాలోకి చుక్కలు పట్టిందీ నేనే. బియ్యం కడిగిన నీళ్ళలా వచ్చాయి.

పద్నాలుగు రోజులు ఇంజక్షన్లు వేశాం. పాప బాగా కోలుకుంది. మెనింజైటిస్ తరవాత కొందరు పిల్లలకు వినికిడి పోతుంది కాబట్టి పంపించే ముందు చెవుల పరీక్ష కూడా చేయించాం. రెండు చెవులూ బాగున్నాయి.

ఆ రోజుల్లో నాకొక అలవాటు. రెండు గంటలకు డ్యూటీ దిగేముందు, మాలా చర్చికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా అడిగితే పడక పక్కన నిలబడి ఒక నిమిషం ప్రార్థన చేసేదాన్ని. రాహేలు అడిగింది. పాప తనంతట తనే మంచం మీద మోకాళ్ళూని, చర్చిలో చేసినట్టు నుదురు దుప్పటికి ఆనేంత వంగింది. నేను మధ్యలో కళ్ళు తెరిచేసరికి ఆకుపచ్చ దుప్పటి మీద రెండు చుక్కలు రాలి తడిగా కనిపించాయి. నేను ముగించగానే పాప వార్డంతా తిరిగి చూసేలా "ఆమెన్" అని అరిచింది. పక్క పడక దగ్గర బొరుగులు తింటున్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు. అందరం నవ్వాం.

జేజి కళ్ళు తుడుచుకుంటూ, "మా పాప అంతేనమ్మా. చర్చిలో కూడా మోకాళ్ళ మీద ఉంటే చాలు, కన్నీళ్ళు రాలుస్తాది. సంఘమంతా చెప్పుకుంటారు," అంది. ఇంత చిన్న ప్రాణం ప్రార్థనలో ఏడుస్తోందని నేనూ పాప తల నిమిరాను. ఆ నీటిని ఏళ్ళ తరబడి సీసాల్లో పట్టినదాన్ని, చుక్కలు నా కళ్ళముందే రాలితే భక్తి అనుకున్నాను.

మర్నాడు దుప్పటి మారుస్తుంటే రాహేలు నా పక్కకు వచ్చింది. జేజికి వినపడకుండా చిన్నగా చెప్పింది.

"సిస్టరమ్మా, అవి కన్నీళ్ళు కాదు. ముక్కులోంచి వస్తాండాయి. వంగితే చాలు, ఒక పక్కనుంచే కారతాది."

జలుబేమో అన్నాను.

"జలుబు కాదు. చీమిడైతే ఆరినాక బట్ట గట్టిపడ్తాది, గంజి పెట్టినట్ల. నేను దినామూ నూరు మంది పిల్లోల్ల బట్టలు ఉతుకుతాండా, నాకు తెలుసు. ఇది ఆరినాక ఏమీ ఉండదు, ఉత్త నీళ్ళ మాదిరి. చూడు కావాలంటే." అంటూ పాప ముక్కు తుడిచిన కొంగు చివర నా ముందుకు చాపింది.

నేను దాన్ని ముట్టుకోలేదు. నా చేతిలో మందుల ట్రే ఉంది, ఇంకా తొమ్మిది పడకలు మిగిలి ఉన్నాయి. "బట్టల సంగతి నీకు తెలుసు రాహేలూ, జబ్బుల సంగతి మాకిడ్సిపెట్టు," అన్నాను. పక్క పడకామె కిసుక్కున నవ్వింది. నా మాట చురుగ్గా పడిందని నాకూ లోపల సంతోషమే అయింది. రాహేలు కూడా నవ్వినట్టే ముఖం పెట్టి, కొంగు నడుములో దోపుకుని పాప దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రోజు చార్టులో జ్వరం లేదని, ఆకలి బాగుందని రాశాను. ముక్కు సంగతి రాయలేదు. చార్టులో దానికి గడి లేదు.

ఎనిమిది నెలల తరవాత, 2018 మే నెలలో సలోమి మళ్ళీ వచ్చింది. అదే జ్వరం, అదే వాంతులు, అదే బిగుసుకున్న మెడ. సీసాలో అదే కడుగునీళ్ళు. ల్యాబులో తేలింది కూడా అదే క్రిమి, న్యూమోకాకస్. ఒకసారి వస్తే దురదృష్టం అనుకుంటాం. రెండోసారి వస్తే ఏదో కారణం ఉండి తీరాలి. మా పిల్లల డాక్టరు గారు మంచి వైద్యుడు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. రోగనిరోధక శక్తి తక్కువేమోనని రక్తం హైదరాబాదుకు పంపించారు. చెవులు చూశారు, పళ్ళు చూశారు, వెన్ను మీద ఎక్కడైనా చిన్న గుంట, వెంట్రుకల కుచ్చు ఉన్నాయేమోనని వెతికారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వెతికాం.

ఇక్కడ మా పని తీరు ఒకటి చెప్పాలి. డాక్టరు గారిది కోస్తా. మా తల్లులు వేగంగా మాట్లాడితే ఆయనకు సగమే అందేది. అందుకని రౌండ్స్‌లో నేను మంచానికీ ఆయనకూ మధ్య నిలబడి, తల్లి పది మాటలు చెబితే రెండు మాటలు చేసి అందించేదాన్ని. ఎవరూ నాకు అప్పజెప్పిన పని కాదు. చేస్తూ చేస్తూ అలవాటైపోయింది. ఆయనకు సమయం కలిసొచ్చేది, నాకు పెద్దరికం వచ్చేది.

ఆ రోజు ఆయన, పాపకు చెవి కారడం గానీ జలుబు గానీ ఉందా అని అడిగారు. రాహేలు, "చెవి కారడం ల్యా సారూ. ముక్కు మాత్రం..." అని మొదలుపెట్టింది. ఆమె చేయి అప్పుడే కొంగు మీదికి పోతోంది.

"సారు అడిగినదానికే చెప్పు మా. ఇంకా పదైదు పడకలుండాయి," అన్నాను. ఆయన వైపు తిరిగి, "మామూలు జలుబే సార్," అన్నాను.

ఆయన సరేనని ముందుకు కదిలారు. రాహేలు నోరు మూసుకుంది. అది నేను నేర్పిన మౌనం. మొదటిసారి ఆమె మాటను నవ్వి తీసేశాను, రెండోసారి అసలు పూర్తి కానివ్వలేదు. ఇంటికి పంపేముందు మళ్ళీ చెవుల పరీక్ష చేశారు. ఆ సారి కూడా రెండు చెవులూ బాగున్నాయి. డ్యూటీ దిగేముందు పడక పక్కన ప్రార్థన చేశాను. పాప మళ్ళీ అంతే గట్టిగా "ఆమెన్" అంది. దుప్పటి మీద తడి పడిందో లేదో నేను చూడలేదు.

మూడోసారి 2019 ఫిబ్రవరిలో. ఆసుపత్రి మెట్ల దగ్గరికి వచ్చేసరికే పాపకు ఫిట్స్ మొదలయ్యాయి. ఆక్సిజన్ పెట్టాం, ఫిట్స్ ఆగడానికి మందు, వెంటనే యాంటీబయాటిక్స్. నాలుగు రోజులు కళ్ళు తెరవలేదు. ఆ నాలుగు రోజులూ రాహేలు మంచం కాళ్ళ దగ్గర కింద కూర్చుని ఉంది. ఏమైనా అడిగితే జవాబు చెప్పేది, అడగనిది ఒక్క ముక్క కూడా మాట్లాడేది కాదు. ఎంత ఓపికస్తురాలో అని నేను మెచ్చుకున్నాను కూడా.

ఐదో రోజు పాప కళ్ళు తెరిచి తల్లిని గుర్తుపట్టింది. ఆరో రోజు కొంచెం గంజి తాగింది. బతికిందిరా దేవుడా అనుకున్నాను. ఏడో రోజు పొద్దున వార్డు ఊడ్చే ఆమె చేతిలోంచి స్టీలు పళ్ళెం జారి, బండల మీద గిరగిరా తిరుగుతూ పెద్ద చప్పుడు చేసింది. పడకల్లో పిల్లలందరూ అటు తిరిగారు. సలోమి మాత్రం కిటికీ బయట కాకిని చూస్తూనే ఉంది. నేను పాప వెనక్కి వెళ్ళి తల దగ్గర చప్పట్లు కొట్టాను. కదల్లేదు. పేరు పెట్టి పిలిచాను. రాహేలు నా చేతుల్ని, పాపను మార్చి మార్చి చూస్తోంది.

అప్పటికి మా దగ్గర ఒక లేడీ డాక్టరు కొత్తగా చేరింది. సున్నిపెంటలో, డ్యాం క్వార్టర్స్‌లో పెరిగిన అమ్మాయి. మా మాట ఆమెకు ఇంటి మాటే కాబట్టి తల్లులతో నేరుగా మాట్లాడేది. నాతో అవసరం పడేది కాదు. అది నాకు కొంచెం గుచ్చుకునేది కూడా. నేను పిలవగానే వచ్చింది. పాపను కూర్చోబెట్టి చెవుల్లో లైటు వేసి చూసింది. చెవుల వెనక ఎముక చూడటానికి తలను ముందుకు వంచి పట్టుకుంది. పాప ముక్కులోంచి ఒక చుక్క డాక్టరమ్మ చేతి మీద పడింది. తరవాత ఇంకొకటి. తేటగా ఉన్నాయి.

ఆమె చేయి తుడుచుకోలేదు. ఆ చుక్కల వైపే చూస్తూ, "ఏందీ ఇది? ఎప్పట్నుంచి ఇట్ల కారతాంది మా?" అని రాహేలును అడిగింది.

రాహేలు నా వైపు తిరిగింది.

"చెప్పనా సిస్టరమ్మా?" అంది.

ముప్పై ఏళ్ళు చేసినా ఈ ఉద్యోగంలో నాకు అంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వేయలేరు. చెప్పమని తల ఊపాను. ఆమె చెప్పింది. రెండేళ్ళకు పైగా కారుతోందనీ, వంగితే ఎక్కువనీ, ఎడమ పక్కనుంచేననీ, గొంతులోకి దిగితే ఉప్పగా ఉంటుందని పాప అంటుందనీ, కొంగు గట్టిపడదనీ. అంతా ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

డాక్టరమ్మ కట్టు కట్టే గాజుగుడ్డ ముక్కలు రెండు తెప్పించింది. ఒకదాని మీద సలోమి ముక్కు చుక్కలు పట్టింది. ఇంకోదానితో మూడో పడకలో జలుబుతో ఉన్న పిల్లాడి ముక్కు తుడిపించింది. రెండూ నా టేబులు పక్కన కిటికీలో ఆరేయించింది. ఫ్యాను కింద ముప్పావు గంట. తరవాత నన్నే తీసి చూడమంది. పిల్లాడిది అట్టముక్కలా అయింది. సలోమిది ఉతికి ఆరేసినట్టు మెత్తగా ఉంది. రాహేలు పక్కనే నిలబడి ఉంది గానీ ఆ గుడ్డల వైపు చూడనైనా లేదు. ఆమెకు అది కొత్త సంగతి కాదు.

ఇది అనుమానమే గానీ రుజువు కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆ నీటిని ఒక చిన్న సీసాలో పట్టి, సీఎస్ఎఫ్‌లోనే ఉండే ఒక ప్రొటీను పరీక్షకు హైదరాబాదు పంపించింది. తలకు సన్నని పొరలుగా తీసే సీటీ స్కాను రాసింది. రెండూ ఒకే మాట చెప్పాయి. మన ముక్కుకు పైకప్పు, మెదడుకు నేల, ఒకటే ఎముక. పలచగా, జల్లెడలా ఉంటుంది. సలోమికి అందులో ఎడమ పక్కన కందిగింజలో సగమంత చోట ఎముక లేదు. ఆ సందులోంచి మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోకి కారుతోంది. ముక్కులో ఎప్పుడూ ఉండే క్రిములు అదే దారిన పైకి ఎక్కుతున్నాయి. మేము ప్రతిసారీ లోపలికి వచ్చినవాటిని మందులతో చంపాం. తలుపు మాత్రం తెరిచే ఉంచాం.

ఈ సందు పుట్టుకతో వచ్చిందై ఉండొచ్చు, చిన్నప్పుడు తగిలిన దెబ్బవల్లా కావచ్చు అని డాక్టరమ్మ అనగానే రాహేలు ముఖం మారిపోయింది. పాపకు నాలుగేళ్ళప్పుడు హాస్టలు వెనక బట్టలుతికే బండ ఎక్కి జారి, నుదురు రాయికి కొట్టుకుందట. అప్పుడు రాహేలు చేతిలో సబ్బు నీళ్ళు కారుతున్న దుప్పటి ఉంది, పట్టుకోలేకపోయింది. ఆ రోజు కొంచెం రక్తం వచ్చి ఆగిపోయిందని, ఎవరికీ చెప్పలేదని అంది. ఏది కారణమో ఎవరూ తేల్చలేరని డాక్టరమ్మ రెండు మూడుసార్లు చెప్పింది. రాహేలు వినింది గానీ ఒప్పుకున్నట్టు లేదు. ఆమెకు లేని నేరం ఆమె మోస్తోంది, నాకున్న నేరం నేనింకా నోటితో చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి చెప్పాను. మొదటిసారే ఆ తల్లి నాతో అన్న మాట, నేనిచ్చిన జవాబు, రెండోసారి రౌండ్స్‌లో నేను అడ్డుపడిన సంగతి, ఏదీ దాచలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె చాలాసేపు సలోమి మూడు కేసు షీట్లూ తిరగేసింది. నా చేతిరాతే అంతా. "మొదటిసారే తెలిసుంటే మిగతా రెండూ రాకుండా ఆపేవాళ్ళమేమో సిస్టర్," అంది చివరికి. ఆ 'ఏమో'ను పట్టుకుని బతుకుదామని చాలా రోజులు ప్రయత్నించాను. రెండోసారి దాకా చెవులు బాగున్నాయని ఆ షీట్లలోనే, నా అక్షరాల్లోనే ఉంది. వినికిడి పోయింది మూడోసారి. ఈ లెక్క ఎటునుంచి చూసినా మారదు.

మెదడుకు చేరే శబ్దాన్ని తీగలు పెట్టి కొలిచే పరీక్ష ఉంది, బేరా అంటాం. రెండు చెవుల్లోనూ గీత అడ్డంగా, ఏ మిట్టాపల్లం లేకుండా వచ్చింది, అంటే శబ్దమేదీ మెదడుకు చేరడం లేదు. ముక్కు సందు మూయించడానికి పాపను హైదరాబాదు పంపించే రోజు, అంబులెన్సు కోసం వరండాలో కూర్చున్నాం. పాప తల్లి ఒడిలో తల పెట్టుకుని, కొంగు చివరను వేళ్ళకు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఆడుకుంటోంది.

"నేను చెప్పినా కదా సిస్టరమ్మా," అంది రాహేలు. గొంతులో కోపం లేదు. తనకు సరిగ్గా గుర్తుందో లేదో కనుక్కుంటున్నట్టు అడిగింది.

"చెప్పినావు. నేనే రాయల్యా," అన్నాను.

"నేను చదువుకోనిదాన్ని. తప్పు చెప్పినానేమో అనుకున్నా. అందుకే ఈసారి చెప్పల్యా."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నన్ను ఓదార్చలేదు, లేచి పోనూ లేదు. కాసేపటికి అంబులెన్సు వచ్చింది. పాప సంచి నేనే మోసుకెళ్ళి లోపల పెట్టాను.

హైదరాబాదులో తల కోయకుండా, ముక్కులోంచే చిన్న గొట్టం కెమెరా పంపి, తొడ దగ్గర నుంచి తీసిన పలచని పొరతో ఆ సందు మూసేశారు. నీరు కారడం ఆగిపోయింది. న్యూమోకాకస్ టీకాలు కూడా వేశారు. ఆ తరవాత సలోమికి మళ్ళీ మెనింజైటిస్ రాలేదు. ఇలాంటి కేసును వైద్య భాషలో విజయం అనే రాస్తారు. చెవిలో యంత్రం అమర్చే ఆపరేషన్ గురించి కూడా పాప వాళ్ళు అడిగారు. కానీ ఈ జబ్బు తరవాత కొందరికి లోపలి చెవిలో, నత్తగుల్లలా ఉండే చోట ఎముక పేరుకుపోతుంది. పాపకు అప్పటికే రెండు పక్కలా పేరుకుపోయింది. లాభం ఉండదని అక్కడి డాక్టర్లు అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. కాలింది నా చేతులు కూడా కాదు.

ఆ తరవాత నేను పని చేసే పద్ధతి మార్చుకున్నాను. కొత్త పాపో బాబో చేరగానే కేసు షీటు పైన, అచ్చువేసిన గడులకంటే ముందు, స్కేలు పెట్టి ఒక గడి గీస్తాను. దాని మీద 'తల్లి మాట' అని రాస్తాను. ఆమె ఏ మాట అంటే ఆ మాటే, ఏ యాసలో అంటే ఆ యాసలోనే. పాములపాడు నుంచి వచ్చిన ఒకామె, బిడ్డ నిద్రపోతే మేకపిల్ల మాదిరి గురక పెడతాడంటే అదే రాశాను. నల్లమల గూడెం నుంచి వచ్చిన ఒక తల్లి, బిడ్డ ఉచ్చ దగ్గర చీమలు మూగుతున్నాయంటే అదీ రాశాను. ఆ గంటలోనే ఆ బిడ్డకు షుగరు ఉందని తేలింది. కొత్తగా చేరిన నర్సమ్మాయిలు నా గడిని చూసి నవ్వుకుంటారు. నవ్వనీ. రౌండ్స్‌లో మాత్రం నేను ఇప్పుడు మంచానికీ డాక్టరుకూ మధ్య నిలబడను, పక్కన నిలబడతాను.

ఆ ఏడు డిసెంబరులో, క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం ఆళ్ళగడ్డ వెళ్ళాను. నన్ను క్షమించమని పాపను అడగాలని నా ఉద్దేశం. పెద్దవాళ్ళను అడగడానికి మాటలున్నాయి. చెవులు పోయిన తొమ్మిదేళ్ళ పిల్లను ఎలా అడగాలో బస్సులో దారి పొడుగునా ఆలోచించినా తోచలేదు. హాస్టలు వెనక గదిలో ఉంటారు వాళ్ళు. రాహేలు నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. బొరుగుల ఉగ్గాని చేస్తోంది, తినమని పళ్ళెంలో పెట్టింది. నేను సలోమి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏదో చెప్పబోయాను. ఆ పిల్ల నా పెదాలనే కళ్ళార్పకుండా చూసింది. అర్థం కాక తల్లి వైపు తిరిగింది.

"దానికి తెలీదు సిస్టరమ్మా. ముందు తిను. చర్చికి టైమవుతాండాది," అంది రాహేలు.

క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. నేను మళ్ళీ అడగలేదు.

చర్చిలో ఆడవాళ్ళ వైపు చాప మీద మేం నలుగురం కూర్చున్నాం. జేజి నా చెవిలో, పాపకు ఇప్పుడు కన్నీళ్ళు రావడం లేదని, ఆపరేషన్‌తో పాటు అవి కూడా పోయాయని దిగులుగా చెప్పింది. అవి కన్నీళ్ళు కావని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. నేనూ చెప్పలేదు. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టగానే అందరినీ చూసి సలోమి కూడా మోకాళ్ళూని, నుదురు చాపకు ఆనించి వంగింది. నేను కళ్ళు మూసుకోలేకపోయాను. ఆమె ముఖం కింద చాప మీదే చూస్తూ ఉన్నాను. పొడిగా ఉంది. ప్రార్థన ఎంత పొడుగు సాగినా పొడిగానే ఉంది.

పాస్టరు గారు ముగించారు. చర్చి అంతా ఒక్కసారి ఆమెన్ అంది. అందరూ లేచి కూర్చుని బైబిళ్ళు తెరుస్తున్నారు. సలోమి వంగే ఉంది. ఎవరో అటు చూసి, పాప ఇంకా ప్రార్థనలో ఉందని అనుకుని తల దించుకున్నారు. రాహేలు చేయి చాపి పాప వీపు మీద రెండుసార్లు తట్టింది. పాప తలెత్తింది. రాహేలు అలవాటు కొద్దీ కొంగు చివరతో ఆ ముక్కు తుడిచి, కొంగును వేళ్ళ మధ్య నలిపి చూసుకుంది.

సలోమి చుట్టూ చూసింది. అందరూ లేచి ఉన్నారు. ప్రార్థన అయిపోయిందని అప్పుడు తెలిసింది. నిశ్శబ్దంగా ఉన్న ఆ చర్చిలో, తనకే వినపడని గొంతుతో, ఒక్కతే గట్టిగా "ఆమెన్" అంది.